పరాయి దేశపు అంతర్యుద్ధంలో తిరుగుబాటుదారులకు ఆయుధాలు ఇవ్వాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒక ప్రభుత్వం సొంత ప్రజల మీదే బాంబులు వేస్తోంది, తిరగబడ్డవాళ్ళు బయటి దేశాలను ఆయుధాలు అడుగుతున్నారు. ఇవ్వడం తప్పా? ఇవ్వకపోతే చేతులు కట్టుకుని చూసినట్టే కదా? పోనీ, తుపాకులు కాకుండా వాహనాలు, వైర్‌లెస్ సెట్లు లాంటివి ఇచ్చి ఊరుకోవచ్చా?

నేను అంతర్జాతీయ సంబంధాలు బోధించి రిటైరయ్యాను. ఈ ప్రశ్న తరగతిలో దాదాపు ఏటా వచ్చేది, దేశం పేరు మాత్రం మారేది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చాలా సందర్భాల్లో ఇవ్వకూడదు. హింస అసలే వద్దనే సిద్ధాంతంతో ఈ మాట అనడం లేదు. ఇచ్చేవాళ్ళకు కావలసిందీ, పుచ్చుకునేవాళ్ళకు కావలసిందీ ఒకటి కాదు. పుచ్చుకునేవాళ్ళకు గెలుపు కావాలి. ఇచ్చేవాళ్ళకు సాధారణంగా అవతలివాడు గెలవకుండా ఉంటే చాలు. మధ్యలో నలిగేది ఆ దేశపు జనం.

ఇది బాగా బయటపడింది ఇరాక్ కుర్దుల విషయంలో. 1972లో ఇరాన్ రాజు షా కోరిక మీద అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఆయన సలహాదారు కిసింజర్ కలిసి కుర్దుల తిరుగుబాటు నాయకుడు ముల్లా ముస్తఫా బార్జానీ మనుషులకు రహస్యంగా ఆయుధాలు పంపడానికి ఒప్పుకున్నారు. షాకు బాగ్దాద్‌తో షత్ అల్ అరబ్ నది సరిహద్దు తగాదా ఉంది. అమెరికాకేమో బాగ్దాద్ సోవియట్ యూనియన్‌కు దగ్గరవడం గిట్టలేదు. బార్జానీకి షా మీద ఏనాడూ నమ్మకం లేదు. అమెరికా కూడా వెనక ఉందన్న ధైర్యంతోనే ముందడుగు వేశాడు. తర్వాత అమెరికా ప్రతినిధుల సభలో పైక్ కమిటీ ఈ వ్యవహారాన్ని తవ్వి తీసింది. కుర్దులు గెలవాలని షాకూ లేదు, వాషింగ్టన్‌కూ లేదని తేలింది. ఇరాక్ సైన్యం ఆ కొండల్లో చిక్కుకుని నీరసపడితే వాళ్ళకు చాలు. ఈ సంగతి కుర్దులకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

1975 మార్చి 6న అల్జీర్స్‌లో షా, సద్దాం హుస్సేన్ రాజీపడ్డారు. నది సరిహద్దు షా కోరినట్టే కుదిరింది. ఆ వెంటనే సాయం ఆగిపోయింది, ఇరాక్ సైన్యం విరుచుకుపడింది. లక్ష మందికి పైగా కుర్దులు ఇరాన్‌లోకి పారిపోయారు. బార్జానీ కిసింజర్‌కు పంపిన విజ్ఞప్తులు వృథా అయ్యాయి. ఆయన 1979లో, తనను వదిలేసిన అమెరికాలోనే, కన్నుమూశాడు.

దీన్ని నమ్మకద్రోహం అని తిట్టి వదిలేస్తే అసలు విషయం జారిపోతుంది. నమ్మకద్రోహం చివర్లో జరిగింది. మోతాదు మాత్రం మొదటి రోజు నుంచీ అదే: ఓడిపోకుండా సరిపడా, గెలవడానికి చాలనంత. రహస్యంగా నడిచే ఆయుధ సాయంలో దాదాపు ఎప్పుడూ ఈ మోతాదే కనిపిస్తుంది. ఎందుకంటే పూర్తిగా గెలిపించాలంటే విమానాలు కావాలి, సైన్యం కావాలి, గెలిచాక ఆ దేశాన్ని నిలబెట్టే బాధ్యత కూడా నెత్తికెత్తుకోవాలి. అవేవీ అక్కర్లేకుండా ఏదో చేశామనిపించుకోవడానికే కదా ఈ దారి ఎంచుకునేది. యుద్ధాన్ని ఇలా సాగదీస్తే ఎవరు చస్తారో లెక్క వేయాల్సిన అవసరం ఇచ్చేవాడికి రాదు, శవపేటికలు వాడి విమానాశ్రయాల్లో దిగవు గనక.

"అఫ్ఘానిస్తాన్‌లో గెలిచారు కదా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది నిజంగానే చూడదగ్గ ఉదాహరణ. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం అఫ్ఘానిస్తాన్‌లోకి దిగింది. వాళ్ళతో పోరాడే ముజాహిదీన్లకు అమెరికా డబ్బు పెట్టింది, ప్రతి డాలర్‌కూ సౌదీ అరేబియా మరో డాలర్ కలిపింది. 1986 నుంచి భుజం మీద పెట్టుకుని పేల్చే స్టింగర్ క్షిపణులు కూడా అందాయి. 1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ దళం సరిహద్దు దాటి వెళ్ళిపోయింది. స్టింగర్ వల్లే సోవియట్లు ఓడారని ఇప్పటికీ చాలామంది అంటుంటారు. ఆ క్షిపణి మొదటిసారి పేలింది 1986 సెప్టెంబరులో. అదే ఏడాది ఫిబ్రవరిలోనే గోర్బచేవ్ ఈ యుద్ధాన్ని నెత్తురోడుతున్న గాయం అని పార్టీ మహాసభలో బాహాటంగా అన్నాడు. బయటపడే దారి కోసం అప్పటికే వెతుకుతున్నాడు. క్షిపణులు ఆ పనిని త్వరపెట్టి ఉండవచ్చు. అంతకుమించి వాటికి కట్టబెట్టడం అతిశయోక్తి.

సరే, గెలిచారనే అనుకుందాం. ఎవరు గెలిచారు? ఆయుధాలను పంచింది అమెరికా కాదు, పాకిస్తాన్ గూఢచారి సంస్థ ఐఎస్ఐ. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వాషింగ్టన్, రియాద్‌ల డబ్బును ఇస్లామాబాద్ తనకు నచ్చినవాళ్ళకు పంచింది. పెద్ద వాటా గుల్బుద్దీన్ హెక్మత్యార్‌కు వెళ్ళింది. అతడు అఫ్ఘాన్లలో అంత ఆదరణ ఉన్న నాయకుడేమీ కాదు, పాకిస్తాన్ మాట వింటాడని నమ్మకం ఉన్నవాడు. సోవియట్లు పోయాక మూడేళ్ళకు గానీ, వాళ్ళ అండతో కాబూల్‌ను ఏలిన నజీబుల్లా ప్రభుత్వం కూలలేదు. అదీ 1992 జనవరి నుంచి మాస్కో, వాషింగ్టన్ రెండూ తమ తమ వర్గాలకు ఆయుధాలు ఆపాలని ఒప్పుకున్నాక కూలింది. ఆ ఏప్రిల్‌లో ముజాహిదీన్లు కాబూల్‌లోకి వచ్చారు. తర్వాత హెక్మత్యార్ రాకెట్లు పడింది కాబూల్ మీదే. 1993లో ప్రధానమంత్రి పదవి ఇచ్చారు, అయినా నగరంపై దాడి ఆగలేదు. వేల మంది చనిపోయారు. సోవియట్ యుద్ధం పొడుగునా దాదాపు చెక్కుచెదరకుండా ఉన్న నగరం ఆ తర్వాతి పోరులో నేలమట్టమైంది. ఆ అరాచకంలోంచే తాలిబాన్ పుట్టింది. అదే పాత సాయం పుచ్చుకున్న హక్కానీ వర్గం 2001 తర్వాత అమెరికన్ సైనికుల మీదే దాడులు చేసింది. వాడని స్టింగర్లను తిరిగి కొనడానికి 1990లలో సీఐఏ ప్రత్యేకంగా డబ్బు కేటాయించుకోవలసి వచ్చింది.

విమానాలను కూల్చే ఆయుధాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2014 జులై 17న తూర్పు ఉక్రెయిన్ మీదుగా పోతున్న మలేసియా ఎయిర్‌లైన్స్ విమానం ఎంహెచ్17ను రష్యా అండ ఉన్న వేర్పాటువాదుల అధీనంలోని ప్రాంతం నుంచి వదిలిన బుక్ క్షిపణి కూల్చేసింది. 298 మంది పోయారు. రష్యా ఇప్పటికీ తన పాత్ర లేదనే అంటోంది. 2022లో నెదర్లాండ్స్ కోర్టు ముగ్గురికి శిక్ష వేసింది, వాళ్ళలో ఒక్కరు కూడా బోనులో లేరు. ప్రయాణికుల విమానానికీ యుద్ధ విమానానికీ తేడా కనిపెట్టడానికి ఒక సైన్యానికి రాడార్ల వ్యవస్థ, ఆదేశాల గొలుసు ఉంటాయి. అవేవీ సరిగ్గా లేనివాళ్ళ చేతికి అంత పెద్ద ఆయుధం వెళితే జరిగేది ఇలాగే ఉంటుంది.

ఇక బయటి నుంచి తుపాకులు వచ్చినప్పుడు తిరుగుబాటు లోపల ఏం జరుగుతుంది? దీని గురించి పత్రికల్లో తక్కువ రాస్తారు. నా దృష్టిలో ఇదే కీలకం. సాయం లేని తిరుగుబాటు ఊళ్ళమీద ఆధారపడాలి. తిండి, దాక్కునే చోటు, సమాచారం, మనుషులు అన్నీ జనం దగ్గర్నుంచే రావాలి. అందుకని జనంతో కాస్తో కూస్తో జాగ్రత్తగా మసలుకోవాలి. సరిహద్దు అవతలి నుంచి పెట్టెలు రావడం మొదలైతే ఆ అవసరం తగ్గిపోతుంది. జనంలో పేరున్నవాడి కంటే సరిహద్దు అవతల మనిషి ఉన్నవాడు పెద్ద నాయకుడవుతాడు. రెండు దేశాలు డబ్బిస్తే రెండు దళాలు, నాలుగు ఇస్తే నాలుగు దళాలు. ఏకం కావాల్సిన అవసరం ఎవరికీ ఉండదు, ఎందుకంటే విడిగా ఉంటేనే విడి వాటా.

సిరియా దీనికి పాఠ్యపుస్తకం. 2011లో తిరుగుబాటు మొదలయ్యాక కతార్ ఒకరికి, సౌదీ ఇంకొకరికి, తుర్కియే మరొకరికి ఇచ్చాయి. అమెరికాలో సీఐఏది ఒక కార్యక్రమం, రక్షణ శాఖది మరొకటి. 2016 మొదట్లో అలెప్పో ఉత్తరాన సీఐఏ సాయం పొందిన దళాలూ, రక్షణ శాఖ సాయం పొందిన కుర్దుల కూటమీ ఒకరి మీద ఒకరు కాల్పులు జరుపుకున్నారు. రెండు వైపులా అమెరికా పన్ను సొమ్మే. రక్షణ శాఖ కార్యక్రమం 50 కోట్ల డాలర్లది, ఏడాదికి 5,000 మందికి పైగా శిక్షణ ఇవ్వాలని లక్ష్యం. 2015 సెప్టెంబరులో జనరల్ లాయిడ్ ఆస్టిన్‌ను సెనేట్ కమిటీ అడిగింది, ప్రస్తుతం యుద్ధంలో ఉన్నది ఎంతమంది అని. నలుగురో ఐదుగురో అన్నాడు ఆయన. మిగతావాళ్ళలో కొందరిని అల్ ఖైదా శాఖ నుస్రా ఫ్రంట్ ఎత్తుకుపోయింది. తర్వాత వెళ్ళిన బృందం వాహనాలూ తూటాలూ అదే నుస్రాకు అప్పజెప్పి దారి ఇప్పించుకుంది.

ఆయుధాల జాడ వెతికే కాన్‌ఫ్లిక్ట్ ఆర్మమెంట్ రీసెర్చ్ అనే సంస్థ ఇస్లామిక్ స్టేట్ దగ్గర దొరికిన తుపాకులు, రాకెట్ల సీరియల్ నంబర్లు పట్టుకుని 2017లో ఒక నివేదిక ఇచ్చింది. తూర్పు ఐరోపాలో తయారై, అమెరికా, సౌదీలు కొని, సిరియా ప్రతిపక్ష దళాలకు పంపినవి కొన్ని అందులో ఉన్నాయి. ఒక ట్యాంకు విధ్వంసక ఆయుధం ఫ్యాక్టరీ గేటు దాటిన రెండు నెలల్లోపే ఇస్లామిక్ స్టేట్ చేతిలో తేలింది. తయారీదారుకు రాసిచ్చిన తుది వినియోగదారు ధ్రువపత్రంలో ఇంకెవరికీ ఇవ్వబోమన్న హామీ ఉంటుంది. యుద్ధభూమిలో ఆ కాగితాన్ని ఎవరు అడుగుతారు?

"మంచివాళ్ళను ఎంచి ఇవ్వాలి" అనే వాదన నాకు అందుకే అతకదు. ఎంపిక మొదటి రోజు జరుగుతుంది, యుద్ధం వెయ్యి రోజులు నడుస్తుంది. ఈలోగా దళాధిపతులు చస్తారు, దళాలు చీలతాయి, జీతం ఆగినవాడు తుపాకీతో సహా పక్క శిబిరానికి పోతాడు.

అవతలి పక్షం కూడా ఊరుకోదు. 2015 వసంతంలో ఇద్లిబ్ నగరం సిరియా అధ్యక్షుడు అసద్ చేతి నుంచి జారిపోయింది. ఆ దాడుల్లో తిరుగుబాటుదారులకు అందిన అమెరికా తయారీ టో క్షిపణులు అసద్ ట్యాంకులను బాగా దెబ్బతీశాయి. తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చిన విధానం మొదటిసారి పని చేసినట్టు కనిపించిన ఘడియ అది. సెప్టెంబరు 30న రష్యా విమానాలు అసద్ తరఫున దాడులకు దిగాయి. 2016 చివరికి తూర్పు అలెప్పో తిరుగుబాటుదారుల చేయి జారింది. మనం ఒక మెట్టు ఎక్కితే అవతలి పోషకుడు రెండు మెట్లు ఎక్కగలడా అన్నది ముందే ఆలోచించుకోవాలి. తనకు ప్రాణం మీదికి వచ్చిన వ్యవహారం అయినప్పుడు అతడు తప్పక ఎక్కుతాడు. అసద్ నిలబడటం ఇరాన్‌కూ రష్యాకూ ఎంత ముఖ్యమో, అసద్ పడిపోవడం వాషింగ్టన్‌కు అంత ముఖ్యం ఎప్పుడూ కాలేదు.

"చివరికి 2024 డిసెంబరు 8న అసద్ పారిపోయాడు కదా" అనవచ్చు. పారిపోయాడు. కానీ డమాస్కస్‌లోకి ముందు నడిచింది హయాత్ తహరీర్ అల్ షామ్, ఆ పాత నుస్రా నుంచి పుట్టిన సంస్థ. అమెరికా అప్పటికి దాన్ని ఉగ్రవాద సంస్థల జాబితాలో ఉంచింది, దాని నాయకుడు అహ్మద్ అల్ షరా తల మీద కోటి డాలర్ల వెల కట్టింది. సీఐఏ కార్యక్రమాన్ని ట్రంప్ 2017లోనే ఆపించాడు. అసద్‌ను పడగొట్టిన కారణాలు వేరు: రష్యా ఉక్రెయిన్‌లో ఇరుక్కుంది, అసద్‌కు అండగా నిలిచిన హిజ్బుల్లాను ఇజ్రాయెల్ చావుదెబ్బ కొట్టింది, అసద్ సైన్యం లోలోపల పుచ్చిపోయింది. అంటే పోషకులు బలహీనపడటంతో కూలాడు. ఈ మాటకు మళ్ళీ వస్తాను.

ఇప్పుడు నా వాదనకు అడ్డుపడే ఉదాహరణ. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో తిరగబడ్డ ముక్తి వాహినికి భారత్ శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది, బంగ్లాదేశ్ పుట్టింది. అది తప్పని నేను అనను. అయితే అక్కడ ఉన్న పరిస్థితులు ఇంకెక్కడైనా ఉన్నాయా అని చూడండి. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌కు కేటాయించిన 169 స్థానాల్లో అవామీ లీగ్ 167 గెలిచింది. మొత్తం పాకిస్తాన్ జాతీయ సభలోనే దానికి మెజారిటీ. అంటే తిరగబడ్డవాళ్ళ వెనక నిజంగా జనం ఓటేసిన పార్టీ ఉంది. 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం విరుచుకుపడింది, ఏప్రిల్ 17 నాటికి ముజీబ్‌నగర్‌లో ప్రవాస ప్రభుత్వం ప్రమాణం చేసింది. తుపాకులు ఆ ప్రభుత్వానికి, దాని సేనాధిపతి ఉస్మానీకి లోబడి ఉండాలన్నది లెక్క. సుమారు కోటి మంది శరణార్థులు భారత్‌లోకి వచ్చారు కాబట్టి, యుద్ధం నిరవధికంగా సాగడం భారత్‌కే భరించరానిది. కుర్దుల విషయంలో షాకు లేనిది ఇదే: త్వరగా, పూర్తిగా ముగించాలన్న సొంత అవసరం. డిసెంబరులో భారత సైన్యం బహిరంగంగా యుద్ధంలోకి దిగింది, డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, మార్చి నాటికి భారత సైన్యం వెనక్కి వచ్చేసింది.

అంటే 1971ని ఆయుధ సాయం విజయంగా చెప్పడమే సరికాదు. ఆయుధ సాయం నెలల తరబడి పాకిస్తాన్ సైన్యాన్ని అలిసిపోయేలా చేసింది, గెలిపించింది మాత్రం సొంత పేరుతో దిగిన సైన్యం. అక్కడ కూడా మచ్చ లేకపోలేదు. భారత గూఢచారి సంస్థ రా, ప్రవాస ప్రభుత్వానికి తెలియకుండా ముజీబ్ వాహిని పేరుతో వేరే దళాన్ని తయారు చేసింది. దానికీ ముక్తి వాహినికీ మధ్య యుద్ధంలోనే ఘర్షణలు వచ్చాయి. 1972 జనవరిలో యోధులు అవామీ లీగ్ నాయకుడు ముజీబ్ ముందు ఆయుధాలు అప్పగించారు, కానీ అన్నీ రాలేదు.

పన్నెండేళ్ళు గడిచాయి. అదే దేశం, అదే గూఢచారి సంస్థ. 1983 జులైలో శ్రీలంకలో తమిళుల మీద మారణకాండ జరిగాక రా తమిళ మిలిటెంట్ సంస్థలకు భారత గడ్డ మీద శిక్షణ ఇచ్చింది. ఒక్క సంస్థ కాదు: ఎల్‌టీటీఈ, టెలో, ప్లాట్, ఈపీఆర్‌ఎల్‌ఎఫ్, ఈరోస్. ఒకరు చేయి దాటిపోతే ఇంకొకరు ఉంటారన్న ఆలోచన. లక్ష్యం ఏమిటి? తమిళ ఈలం అనే ప్రత్యేక దేశం ఏర్పడాలని ఢిల్లీకి లేదు, కొలంబో మీద ఒత్తిడి ఉండాలి అంతే. అటు ఎల్‌టీటీఈ నాయకుడు ప్రభాకరన్‌కు ఈలం తప్ప మరేదీ అక్కర్లేదు. 1986లో ఎల్‌టీటీఈ టెలోను తుడిచిపెట్టింది, దాని నాయకుడు శ్రీ సబారత్నాన్ని చంపింది. ఆ ఏడాది చివర్లో ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ వంతు. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం చేసుకున్నారు. అక్టోబరుకల్లా, ఆ ఒప్పందం కింద అక్కడికి వెళ్ళిన భారత శాంతి దళం తన దేశమే శిక్షణ ఇచ్చినవాళ్ళతో పోరాడుతోంది. దాదాపు 1,200 మంది భారత సైనికులు చనిపోయాక 1990 మార్చిలో దళం వెనక్కి వచ్చింది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ హత్య.

మధ్యలో ఒక విడ్డూరం కూడా ఉంది. భారత దళాన్ని ఎలాగైనా పంపించేయాలని శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస హయాంలో ప్రభుత్వమే ఎల్‌టీటీఈకి ఆయుధాలు అందించింది. 1993 మే 1న ప్రేమదాసను ఒక మానవబాంబు చంపింది, అది ఎల్‌టీటీఈ పనే అంటారు. తన మీద యుద్ధం చేస్తున్నవాళ్ళకే ప్రభుత్వం తుపాకులిచ్చిన సందర్భం చరిత్రలో ఇంకొకటి వెతకాలంటే కష్టం.

ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెడితే నా జవాబు అక్కడే ఉంది. 1971లో తుపాకి ఒక రాజకీయ నాయకత్వానికి జవాబుదారీ, ఇచ్చిన దేశానికీ పుచ్చుకున్నవాళ్ళకూ గమ్యం ఒకటే, ఆ గమ్యం కోసం ఇచ్చిన దేశం బహిరంగంగా దిగడానికి సిద్ధం. 1983 తర్వాత ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. సానుభూతి మాత్రం రెండు సందర్భాల్లోనూ నిజమైనదే.

"ఇవ్వకపోవడం కూడా పక్షం వహించడమే" అన్న వాదనను నేను కొట్టిపారేయను. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం విషయంలో 27 దేశాలు జోక్యం చేసుకోబోమని ఒప్పుకున్నాయి. అందులో సంతకం పెట్టిన జర్మనీ, ఇటలీలే తిరగబడ్డ ఫ్రాంకోకు విమానాలూ మనుషులనూ పంపాయి. నియమం పాటించినవాళ్ళ వల్ల నష్టపోయింది రిపబ్లిక్, అంటే అక్కడి ప్రభుత్వం. తిరుగుబాటుదారులు బయటి సాయంతో గెలవరనేవాళ్ళు కూడా ఈ యుద్ధాన్ని గుర్తుంచుకోవాలి. ఫ్రాంకో గెలిచాడు, ఎందుకంటే హిట్లర్, ముస్సోలినీ మోతాదు చూసుకుంటూ కూర్చోలేదు. 1991 సెప్టెంబరులో భద్రతా మండలి యుగోస్లావియా అంతటికీ ఆయుధ నిషేధం పెట్టింది. యుగోస్లావ్ సైన్యపు ఆయుధాలు బోస్నియాలోని సెర్బు దళాలకు మిగిలాయి, బోస్నియా ప్రభుత్వానికి మాత్రం దారి మూసుకుపోయింది. 1995 జులైలో స్రెబ్రెనిత్సా ఊచకోత జరిగిపోయింది. ఆ నిషేధం సిగ్గుపడాల్సిన విషయమే. కానీ స్పెయిన్ రిపబ్లిక్, బోస్నియా రెండూ గుర్తింపు పొందిన ప్రభుత్వాలు. వాటికి ఆయుధాలు కొనుక్కునే హక్కు చట్టప్రకారమే ఉంది, దాన్ని లాక్కున్నారు. ఇప్పుడు ఉక్రెయిన్‌కు ఆయుధాలివ్వడం కూడా ఈ కోవలోదే. దాన్ని తిరుగుబాటుదారులకు ఇవ్వడంతో కలిపి మాట్లాడితే గందరగోళమే మిగులుతుంది.

చట్టం గురించి కొంచెం. 1986 జూన్ 27న అంతర్జాతీయ న్యాయస్థానం నికరాగ్వా కేసులో తీర్పు ఇచ్చింది. నికరాగ్వా ప్రభుత్వం మీద తిరగబడ్డ కాంట్రాలకు అమెరికా శిక్షణ, ఆయుధాలు ఇవ్వడం బలప్రయోగ నిషేధానికి విరుద్ధమని, ఒట్టి డబ్బు ఇవ్వడం బలప్రయోగం కాకపోయినా పరాయి దేశ వ్యవహారాల్లో జోక్యమేనని తేల్చింది. ఈ తీర్పులో తక్కువగా చర్చించే భాగం మరొకటుంది. కాంట్రాలు చేసిన అకృత్యాలకు అమెరికాను బాధ్యురాలిని చేయాలంటే ఆ పనుల మీద దానికి నిజమైన అదుపు ఉండాలని, అది రుజువు కాలేదని కోర్టు అంది. అంటే, తుపాకి ఇచ్చి అదుపు వదిలేస్తే, ఆ తుపాకి చేసిన ఘోరాలకు నీ పేరు రాదు. మంచి ఉద్దేశంతో రాసిన తీర్పే అయినా, దూరంగా ఉండి ఆయుధాలు పంపడానికి ఇంతకన్నా ప్రోత్సాహం ఏముంటుంది? అమెరికా ఎలాగూ తీర్పును లెక్కచేయలేదు, భద్రతా మండలిలో వీటో చేసి ఊరుకుంది.

మరి చేయగలిగింది ఏమిటి? ఇందాక అసద్ గురించి చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. ఒక పక్షానికి కొత్తగా ఆయుధాలు ఇవ్వడం కన్నా, రెండో పక్షానికి వస్తున్నవి ఆపడం మీద పది రెట్లు శ్రమ పెట్టాలి. కాంగోలో 2012 నవంబరులో ఎం23 తిరుగుబాటుదారులు గోమా నగరాన్ని పట్టుకున్నారు. వాళ్ళ వెనక రువాండా ఉందని ఐరాస నిపుణులు ఆధారాలతో సహా రాశారు. రువాండా కాదంది. అమెరికా, బ్రిటన్, జర్మనీ లాంటి దాతలు రువాండాకు ఇచ్చే సాయంలో కొంత నిలిపేశారు, కాంగోలో ఐరాస ఒక పోరాట దళాన్ని దింపింది. ఏడాది తిరిగేసరికి, 2013 నవంబరులో, ఎం23 చేతులెత్తేసింది. అదే ఎం23 మళ్ళీ తలెత్తి 2025 జనవరిలో గోమాను పట్టుకుంది. ఈసారి దాతలు కదిలేసరికి చాలా ఆలస్యమైంది. సుడాన్‌లో 2023 ఏప్రిల్ నుంచి నడుస్తున్న యుద్ధంలోనూ ఇదే చూస్తున్నాం. అక్కడి సైన్యంతో పోరాడుతున్న ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి ఆయుధాలు వెళుతున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐరాస నిపుణుల బృందం అంది, ఎమిరేట్స్ ఖండించింది. ఎమిరేట్స్‌తో వ్యాపారం చేసే పెద్ద దేశాల్లో దీనికోసం ఆ వ్యాపారాన్ని పణంగా పెట్టేవాళ్ళు కనబడరు. పెట్టె తుపాకులు పంపడం తేలిక, మిత్రదేశం చేయి పట్టుకుని ఆపడం కష్టం.

అయినా ఇవ్వాలనే అనుకునే ప్రభుత్వం నన్ను సలహా అడిగితే (అడగదు లెండి) మొదట ఒకటే అడుగుతాను: వీళ్ళు రేపు రాజధానిలో కూర్చుంటే మీకు సంతోషమా, భయమా? భయం అని ఏ మూలనో అనిపిస్తే ఒక్క తూటా కూడా పంపవద్దంటాను. సంతోషమే అంటే, అవసరమైతే మీ సైన్యాన్ని మీ పేరుతో పంపుతారా అని అడుగుతాను. దానికి తల అడ్డంగా ఊపితే మొదటి జవాబు అబద్ధమని అర్థం.

చివరగా మీ మూడో ప్రశ్న, ఆయుధాలు కాని సామగ్రి గురించి. అమెరికా, బ్రిటన్ సిరియాలో అదీ చేశాయి. వాహనాలు, కమ్యూనికేషన్ పరికరాలు, తిండి పొట్లాలు పంపాయి. వాటిని తుర్కియే సరిహద్దులో బాబ్ అల్ హవా దగ్గర ఫ్రీ సిరియన్ ఆర్మీ గోదాముల్లో ఉంచేవారు. 2013 డిసెంబరులో మరో తిరుగుబాటు కూటమి ఇస్లామిక్ ఫ్రంట్ దళాలు ఆ గోదాములను స్వాధీనం చేసుకున్నాయి, రెండు దేశాలూ ఉత్తర సిరియాకు ఆ సాయాన్ని నిలిపేశాయి. దళానికి ఇచ్చింది ఏదైనా సరే, తుపాకి కాకపోయినా, అది యుద్ధ సామగ్రిగానే చేతులు మారుతుంది. జనానికి ఇచ్చింది వేరు. 2014 జులైలో భద్రతా మండలి 2165 తీర్మానంతో, డమాస్కస్ అనుమతి లేకుండానే సరిహద్దు దాటి మానవతా సాయం పంపడానికి ఐరాసకు వీలు కల్పించింది. అందుకు ఎంచిన నాలుగు దారుల్లో బాబ్ అల్ హవా ఒకటి. 2020 నాటికి రష్యా, చైనా ఒత్తిడితో మిగతా మూడూ మూతపడ్డాయి. ప్రధానంగా మిగిలిన ఆ దారిలోనే పిండి, మందులు, టీకాలు లారీల్లో వాయవ్య సిరియాలోని లక్షల మందికి చేరుతూ వచ్చాయి. 2023 జులైలో గడువు తీరి, రష్యా వీటోతో ఆ అనుమతి పొడిగింపు ఆగిపోయేదాకా అది నడిచింది.

మీ దేశం ఏదో ఒకటి చేయాలని మీరు గట్టిగా అడగాలనుకుంటే, ఇలాంటి దారి తెరిచి ఉంచమని అడగండి.